అలవాటయ్యేసరికి ఆరు నెలలు

దసరా దాటిందంటే మా కామవరపుకోటలో వేసవి నుంచి తాళాలు వేలాడుతున్న గేట్లు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. వాకిలి కడిగిన నీళ్లు వీధిలోకి పారతాయి. డాబాల మీద పరుపులు ఎండకు పడతాయి. కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరు పలకరిస్తారు. "ఎప్పుడొచ్చారండీ? పిల్లలంతా బాగున్నారా?" "బాగున్నారమ్మా. మొన్న గురువారం దిగాం." ఆ తర్వాత "చిక్కిపోయారే!" అనో "రంగు తేలారే!" అనో ఒక మాట. అంతే, కబురు బెండకాయల ధర మీదికి మళ్లుతుంది. ఆరు నెలలు మనవలతో గడిపి వచ్చిన మనిషి లోపల ఏమున్నదో అడగడం మన ఊళ్లకు ఇంకా రాలేదు. చెప్పడం మాకూ రాలేదు.

ఆ వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. మా అమ్మాయీ అల్లుడూ టెక్సస్‌లో, డాలస్ పక్కన ఉంటారు. పురుడు పోయడానికి వెళ్లాను. పాప నన్ను గుర్తుపట్టి చేతులు చాచడం మొదలుపెట్టిన రోజుల్లో విమానం ఎక్కి వచ్చేశాను.

ఏలూరు నుంచి విజయరాయి, తడికలపూడి మీదుగా మా ఊరు దాటి జంగారెడ్డిగూడెం వెళ్లే దారిలోనూ, ఇటు ద్వారకా తిరుమల నుంచి భీమడోలు దిగి తాడేపల్లిగూడెం వైపునా, ఏ వీధిలో అడిగినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. పొగాకు అమ్మిన డబ్బుతోనో, కొబ్బరితోట తాకట్టు పెట్టో పిల్లల్ని ఏలూరులోనో బెజవాడలోనో ఇంజనీరింగ్ చదివించిన తరం మాది. పిల్లలు ఎం.ఎస్. అన్నారు, ఉద్యోగమన్నారు, ఇల్లు కొన్నారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారనీ, అంత వేగంగా పెరిగిన భాష అక్కడ మరొకటి లేదనీ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. వేసవికి వెళ్లి చలికి తిరిగొచ్చే అమ్మానాన్నల ఊసు ఆ వార్తల్లో లేదు. మేము అక్కడ కాపురమున్నవాళ్లం కాము. వీసా మీద మా హోదా సందర్శకులు.

ఆ వీసా సంగతి కొంచెం చెప్పాలి. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ వచ్చేదాకా మన వైపు పెద్దవాళ్లు ఇంటర్వ్యూకి మద్రాసు వెళ్లేవారు. 2023 నుంచి అది నానక్‌రామ్‌గూడ కొత్త భవనంలో ఉంది. బి-2 వీసా మామూలుగా పదేళ్లకు ఇస్తారు. "పదేళ్లు ఇచ్చారటగా!" అని ఊరంతా సంబరపడుతుంది. అక్కడ ఎన్నాళ్లుండొచ్చో తేల్చేది మాత్రం విమానం దిగాక కనిపించే అధికారి. ఆయన ఎక్కువగా ఆరు నెలలు ఇస్తారు. ఒకప్పుడు పాస్‌పోర్టులో తెల్లకార్డు ముక్క పెట్టేవారు. 2013 నుంచి ఆ తేదీ కంప్యూటర్లోనే ఉంటోంది. పొడిగించమని దరఖాస్తు పెట్టుకునే వీలుంది. మళ్లీ వచ్చేటప్పుడు గుచ్చి గుచ్చి అడుగుతారేమోనని చాలామంది పిల్లలు ఆ జోలికి పోరు. కెనడా 2011లో తల్లిదండ్రుల కోసమే సూపర్ వీసా తెచ్చింది. 2022 నుంచి దాని మీద ఒక్క విడతలో ఐదేళ్లదాకా ఉండనిస్తున్నారు. అమెరికాలో మాకు ఆ వెసులుబాటు లేదు. పిల్లలు పౌరులైతే గ్రీన్‌కార్డు వస్తుంది, కానీ అది ఉన్నవాళ్లు అక్కడే కాపురమున్నట్టు కనబడాలి. తోటా, ఇల్లూ, ఊరూ ఉన్నవాళ్లకు అది కుదిరే పని కాదు.

అందుకే దాదాపు అందరిదీ ఒకటే పద్ధతి. ఏప్రిల్‌లో వెళ్లడం, అక్టోబర్‌లో రావడం. మన ఎండలూ తప్పుతాయి, వాళ్ల చలీ తప్పుతుంది. మా మెట్ట ప్రాంతపు రైతుకు అందులో ఒక చిక్కుంది. పామాయిల్ గెలలు బాగా దిగేది వానాకాలంలోనే. పది పదిహేను రోజులకోసారి కోత పడాలి, కోసిన గెల రోజు తిరక్కుండా ఫ్యాక్టరీకి చేరాలి. ఆలస్యమైతే నూనె నాణ్యత పడిపోతుంది. డాలస్‌లో రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక మా వారు పెరటి మెట్ల మీద కూర్చుని, ఇక్కడ పొద్దున్న ఎనిమిదిన్నరకు తోటలో ఉన్న మేస్త్రితో మాట్లాడేవారు. "గెలలు ట్రాక్టరెక్కాయా? కోకో కాయలు ఉడతలు కొట్టేస్తున్నాయా?" ఆ ఫోను మాట్లాడాకే ఆయనకు నిద్రపట్టేది.

దూరదేశాలు గోదావరి జిల్లాలకు కొత్త కాదు. మా తాతల నాడు 'రంగం వెళ్లాడు' అనేవారు. కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లి, వడ్ల మిల్లుల్లోనూ రేవుల్లోనూ చాకిరీ చేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేవారు. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక వేలమంది అడవుల వెంట కాలినడకన బయల్దేరారు. దారిలో పోయినవాళ్లెందరో. ఆ తర్వాత గల్ఫ్ వచ్చింది. ఇన్నాళ్లూ వెళ్లడం, రావడం అంతా సంపాదించేవాళ్ల వంతే. రంగం వెళ్లిన కొడుకు ఏ చాపమీద పడుకున్నాడో, ఏం తిన్నాడో ఏ తల్లీ కళ్లారా చూడలేదు. ఉత్తరం వస్తే ఎవరిచేతో చదివించుకుంది, రాకపోతే ఏడ్చింది. బిడ్డ బతుకుతున్న చోటికి వెళ్లి, ఆ వంటింట్లో వండిపెట్టి, ఆ బతుకులో కష్టమెంతో సుఖమెంతో చూసి వెనక్కి రావడం మా తరంతోనే మొదలైంది. చూసి వచ్చినవాళ్లు ఆ చూసినదాన్ని మనసులో ఎక్కడ పెట్టుకోవాలో మాకు ముందు వెళ్లినవాళ్లెవరూ చెప్పలేదు.

వియ్యపురాళ్ల వంతులు

అమెరికాలో బాలింతకు చట్టం ఇచ్చే సెలవు 12 వారాలు. 1993 నాటి చట్టమది, అందులో జీతం మాట లేదు. కొన్ని రాష్ట్రాలు జీతమూ ఇప్పిస్తాయి గానీ టెక్సస్‌లో అది కంపెనీ దయ. మూడు నెలల పసిగుడ్డును డే కేర్‌లో వదలడానికి ఏ తల్లికి కాళ్లాడతాయి? అందుకని మన కుటుంబాలు ఎవరూ చెప్పకుండానే ఒక ఏర్పాటు చేసుకున్నాయి. మొదటి ఆరు నెలలు అమ్మాయి తల్లి, తర్వాతి ఆరు నెలలు అబ్బాయి తల్లి. రెండు వీసా గడువులు కలిపితే బిడ్డకు ఏడాది నిండుతుంది. ఇద్దరు వియ్యపురాళ్లూ ఒక వారం కలిసి ఉండేలా టిక్కెట్లు తీస్తారు.

ఆ వారం గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. మా వియ్యపురాలిది ఆకివీడు దగ్గర, కొల్లేటి వైపు ఊరు. ఆవిడ పెట్టె దించి, స్నానం చేసి, పాపను ఎత్తుకోగానే పాప నా వైపు తిరిగి ఏడ్చింది. నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఆ వెంటనే గుండె జారింది. ఏడవకుండా ఆవిడ దగ్గర ఉండేలా చేసి వెళ్లాల్సింది నేనే కదా!

"వదినగారూ, నిద్రొచ్చే ముందు కుడి చెవి రుద్దుకుంటుందండీ. అప్పుడే భుజాన వేసుకోవాలి. ఆ వేళ దాటిందా, ఇక గంట ఏడుపే."

"అలాగేనండీ. నూనె ఏది రాస్తున్నారు?"

"కొబ్బరినూనే. నలుగు వారానికోసారి. సాంబ్రాణి ఇంట్లో వెయ్యకండి, పైకప్పుకు ఉన్న పొగ గంట ఒక్కసారిగా మోగి పిల్ల హడలిపోయింది. పెరట్లో వేసి తల ఆరబెట్టండి."

ఆరు నెలలు రాత్రిళ్లు మేలుకుని నేర్చుకున్నదంతా వారంలో ఒప్పజెప్పాను. పాప బోర్లా పడటం నేను చూశాను. పాకడం, నిలబడటం, మొదటి అడుగు ఆవిడవి. ఆవిడకు ఆ సంగతి తెలుసు. ఒక రాత్రి గిన్నెలు సర్దుతూ "మొదటి అడుగు వేసిన రోజు ఇండియాలో ఎన్నింటికైనా సరే, ముందు మీకే ఫోను చేయిస్తానండీ" అన్నారు. వియ్యపురాళ్ల మధ్య పెట్టుపోతల లెక్కలుంటాయని వింటూ పెరిగినదాన్ని. ఆవిడ నాకు పెట్టిన పెట్టుబడి ఆ మాటే.

బల్ల మీది జిల్లా

మొదటి నెల ఎవరికైనా దిగులే. అక్కడ ఉప్పు ప్యాకెట్టుకైనా కారు తీయాలి. మిట్టమధ్యాహ్నం వీధిలో మనిషి అలికిడి ఉండదు. పిల్లలు గది తలుపు వేసుకుని కంప్యూటరుతో మాట్లాడుతుంటారు. తలుపు తట్టాలంటే భయం. మా ఇంట్లో పాప ఉంది గనుక నాకు పొద్దు గడిచింది. మా వారు మాత్రం రెండో వారానికే "టిక్కెట్టు ముందుకు జరుపుతారేమో కనుక్కో" అన్నారు.

మమ్మల్ని నిలబెట్టింది చెరువు గట్టు. ఇళ్ల మధ్య తవ్విన చిన్న చెరువు, చుట్టూ నడవడానికి సిమెంటు బాట, ఒక పొడుగాటి బల్ల. సాయంత్రం ఎండ తగ్గాక చీర కింద బూట్లు వేసుకున్న ఆడవాళ్లు, పంచె బదులు పంట్లాము అలవాటు చేసుకుంటున్న మగవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. "తెలుగువారేనాండీ?" అన్నది మొదటి ప్రశ్న. రెండోది "ఏ ఊరండీ?"

"ఏలూరు దగ్గరండీ."

"ఏలూరు దగ్గరంటే?"

"కామవరపుకోట."

"ఓరి మీ ఇల్లు బంగారంగాను! మాది కొయ్యలగూడెం."

2022 ఏప్రిల్ 4న ప్రభుత్వం మా పశ్చిమ గోదావరిని విడదీసింది. కామవరపుకోట, కొయ్యలగూడెం ఏలూరు జిల్లాకు వచ్చాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది. దేవరపల్లి తూర్పు గోదావరికి పోయింది. ఆ బల్ల మీద మాత్రం ఈ ఊళ్లన్నీ మళ్లీ ఒకే జిల్లా. తాడేపల్లిగూడెం నుంచి రిటైరైన ఒక టీచరుగారు, దేవరపల్లి పొగాకు రైతు, కొయ్యలగూడెం దంపతులు, మేము. ఇక్కడ యాభై అరవై కిలోమీటర్ల దూరంలో బతికి, ఒకరి మొహం ఒకరు చూడకుండా ముసలివాళ్లమైన మనుషులం.

టీచరుగారిది పెద్ద కథ. ఆవిడ 2020 మొదట్లో కొడుకు దగ్గరకి వెళ్లారు. కరోనా వల్ల మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే 7న వందే భారత్ విమానాలు మొదలైనా తన వంతు రావడానికి చాలా పట్టింది. ఈలోగా గడువు పొడిగించమని దరఖాస్తు, అయిపోయిన బీపీ మాత్రలకు వెతుకులాట, ఇక్కడ భర్త ఒంటరిగా అన్నం వండుకోవడం. "ఎప్పుడెప్పుడు వెళ్తానా అని ఏడ్చానండీ. తీరా వెళ్లే రోజు వస్తే మనవడు కాళ్లు పట్టుకుని వదల్లేదు. అప్పుడూ ఏడ్చాను" అన్నారు ఆవిడ.

ఆ బల్ల దొరికాక మా వారు టిక్కెట్టు మాట ఎత్తలేదు. దేవరపల్లి ఆయనా ఈయనా కలిసి మా అల్లుడి పెరడు తవ్వారు. డాలస్ నేల నల్లరేగడి. ఎర్రనేలలో పుట్టి పెరిగిన మనిషి ఆ మట్టిని పిసికి చూసి, "మన దిగువ చేలల్లో ఉన్నట్టుందే!" అని మురిసిపోయారు. బల్ల దగ్గర ఎవరో ఇచ్చిన గోంగూర గింజలు, బీర గింజలు నాటారు. ఆగస్టుకల్లా వీధిలో నాలుగిళ్లకు గోంగూర పంచాం. అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒక గుజరాతీ అమ్మాయి వచ్చి బీరకాయలు పట్టుకెళ్లింది.

సరిగ్గా అప్పటికి మాకు అన్నీ పట్టుబడ్డాయి. ఏసీ ఎంత మీద పెడితే మోకాళ్లు నొప్పెట్టవో తెలిసింది. చెత్త బండి ఏ రోజు వస్తుందో, అల్లుడు ఏ మీటింగుకు చిరాగ్గా ఉంటాడో, అమ్మాయి బాగానే ఉన్నానంటే నిజంగా బాగుందో లేదో తెలిసింది. ఇంటి తాళం నా చేతికిచ్చి వాళ్లిద్దరూ నిశ్చింతగా బయటికెళ్లేవారు. అలా అలవాటు పడటానికి అయిదు నెలలు పట్టింది. ఇక మిగిలింది ఒక్క నెల. మొదటి నెలలో పంపేస్తే నవ్వుతూ వచ్చేవాళ్లం. మనసు కుదురుకున్నాకే గడువు తీరిపోవడం, ఈ ప్రయాణాల్లో నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది.

సెప్టెంబర్‌లో బల్ల ఖాళీ అవడం మొదలైంది. పొగాకు నారుమళ్ల పని ఉందని దేవరపల్లి ఆయన అందరికన్నా ముందు వెళ్లారు. నవంబర్‌లో పింఛను కోసం బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలని ఒక రిటైరైన రైల్వే ఉద్యోగి దంపతులు బయల్దేరారు. ఇప్పుడది ఫోన్లోనే ఇవ్వొచ్చని పిల్లలు చెప్పినా, "బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుంటేనే నాకు నమ్మకం" అన్నారాయన. వెళ్లే ముందురోజు సాయంత్రం ప్రతివాళ్లూ ఒక డబ్బా తెస్తారు. లడ్డో, జంతికలో. "రేపు మా ప్రయాణమండీ. ఇండియా వచ్చాక తప్పకుండా కలవాలి." అందరం తప్పకుండా అంటాం.

సర్దుళ్లు

మా అమ్మాయీ అల్లుడూ 2026 సంక్రాంతికి వస్తామని ముందే అనుకున్నారు. సెప్టెంబర్ 19న, కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఉన్న వీసాలకు అది వర్తించదని మర్నాడు వివరణ ఇచ్చారు. అయినా దేశం దాటి వెళ్లి వీసా స్టాంపింగ్‌కు వరసలో నిలబడే ధైర్యం పిల్లలకు పోయింది. "చూద్దాంలే అమ్మా, పరిస్థితులు కుదుటపడనీ" అంది అమ్మాయి. వీడ్కోలుకు మందు మళ్లీ కలిసే తేదీ. అది ఖాయంగా ఉంటే పెద్దవాళ్లం ఎంతైనా ఓర్చుకుంటాం. మాకు ఆ తేదీ లేకుండా పోయింది.

ఇక్కడ పిల్లలకు ఒక మాట చెప్పాలనుంది. అమ్మానాన్నల గడువు దగ్గరపడేసరికి మీకు గాభరా పుడుతుంది. ఏమీ చూపించలేకపోయామని నయాగరా అంటారు, వైట్‌హౌస్ అంటారు, లాస్‌వేగాస్ దీపాలంటారు. మూడు రోజుల్లో మూడు విమానాలు ఎక్కిస్తారు. ఫొటోల్లో మేము నవ్వుతాం. నయాగరా గొప్పదే, కాదనను. దాన్ని రెండో నెలలో చూపించండి. చివరి వారం మాత్రం ఖాళీగా ఉంచండి. కొనుగోళ్లు వద్దు, విందులు వద్దు. ఒక పగలు సెలవు పెట్టి, కంప్యూటర్ మూసి, మా పక్కన కూర్చుని బఠానీలు ఒలవండి. మా ఇంట్లో అలాంటి పగలు ఒక్కటి దొరికింది. ఉద్యోగంలో తనకున్న భయాలు, వచ్చిన కొత్తలో చేసిన అప్పులు, మాకు చెప్పకుండా దాటిన ఒక ఆపరేషను, అన్నీ మా అమ్మాయి ఆ ఒక్క పగలే చెప్పింది.

నేను ఫ్రీజరు నింపాను. గోంగూర, చింతకాయ తొక్కు, పులిహోర పులుసు, పూర్ణం ఉండలు, ప్రతి డబ్బా మీదా చీటీ. మా వారు కరివేపాకు కుండీని ఎప్పుడు ఇంట్లోకి తేవాలో అల్లుడికి మూడుసార్లు చెప్పారు. ఇంకా కాస్తున్న బీరపాదును చూస్తూ "మంచు పడేదాకా తెగదు" అన్నారు. పెట్టెలు అక్కడి పద్ధతి ప్రకారం మనిషికి రెండు, ఒక్కోటి 23 కిలోలు. వెళ్లేటప్పుడు ఆవకాయ, కారం, ఆత్రేయపురం పూతరేకులు, సున్నుండలు పట్టుకెళ్లిన పెట్టెల్లోనే వచ్చేటప్పుడు బాదంపప్పు, చాక్లెట్లు, విటమిన్ మాత్రలు, నొప్పుల పూత. ప్రతి ఇంటికీ ఒకటి. కాటా కొక్కేనికి పెట్టె తగిలించడం, రెండు కిలోలు ఎక్కువైందని తీయడం, మళ్లీ కట్టడం. ఆ హడావుడి అందరికీ మేలు చేస్తుంది, చేతులకు పని ఉన్నంతసేపు కళ్లు ఆగుతాయి. నా శాలువా, ఇంట్లో వేసుకునే చెప్పులు తీసి పెట్టెలో పెడుతుంటే అమ్మాయి లాక్కుంది. "ఇవి ఇక్కడే ఉండాలి. మళ్లీ వస్తావుగా." ఆ చెప్పుల్ని గది మూల గోడవార పెట్టింది.

మన పెద్దవాళ్లలో చాలామంది విమానాశ్రయంలో చక్రాల కుర్చీ అడుగుతారు. చూసేవాళ్లు కాళ్లనొప్పులనుకుంటారు. చాలామందికి కాళ్లు బాగానే ఉంటాయి. ఇంగ్లిషు రాదు, దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారాలి, తప్పిపోతామన్న భయం. కుర్చీ తోసే మనిషి అన్ని గేట్లూ దాటించి పెడతాడు. దాంతో వచ్చే ఒక ఇబ్బంది ఎవరూ ముందు చెప్పరు. టిక్కెట్ల బల్ల దగ్గర కుర్చీలో కూర్చోగానే ఆ మనిషి తోసుకుంటూ బయల్దేరతాడు. ఆయనకు ఇంకా పది మంది ఉంటారు. నేను పాప నుదుటి మీద పెట్టిన ముద్దు పూర్తవలేదు, కుర్చీ కదిలింది. వెనక్కి తిరిగి చూద్దామంటే కుర్చీలోంచి మెడ తిరగదు. నడవగలిగిన ప్రతి తల్లికీ చెబుతున్నాను, కుర్చీని లోపలి గేటు దగ్గర ఎక్కండి. వీడ్కోలు మాత్రం నిలబడి చెప్పండి.

పక్క సీటు

దోహాలో విమానం మారాక హైదరాబాద్ విమానంలో నా పక్కన నరసాపురం వైపు ఆవిడ కూర్చుంది. కువైట్‌లో ఇంటి పని. రెండేళ్లకు దొరికిన రెండు నెలల సెలవు మీద వస్తోంది. చేతి సంచిలో ఒక బొమ్మ కారు, అట్టపెట్టెలోంచి బయటికి తొంగి చూస్తోంది. "మీరు పిల్లల దగ్గర్నించి వస్తున్నారా అండీ? నేను పిల్లల దగ్గరకి వెళ్తున్నా" అని నవ్వింది. కొడుకును నాలుగో ఏట తల్లికి అప్పగించి వెళ్లింది. పోయినసారి వచ్చినప్పుడు వాడు మొదటి వారం దగ్గరకు రాలేదట. సెలవు అయిపోయే వారంలో రాత్రిళ్లు కొంగు ముడివేసుకుని పడుకున్నాడట.

ఆమె మాటలు విన్నాక నా దుఃఖం కొలతకు వచ్చింది. తాడేపల్లిగూడెం, భీమవరం, నరసాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల తల్లులకు బి-2 లాంటి వీసా ఎవరూ ఇవ్వరు. కూతురు పనిచేసే వంటిల్లు ఎలా ఉంటుందో, ఆమెకు పడుకోవడానికి చోటుందో లేదో వాళ్లు చూడలేరు. రంగం రోజుల తల్లుల దగ్గరే ఇంకా ఉన్నారు వాళ్లు. మాకు ఆరు నెలలు చాలలేదని ఏడుస్తున్నాం. చూసే భాగ్యం దొరికినందుకు ముందు దండం పెట్టాలని ఆ రాత్రి నాకు అర్థమైంది. శంషాబాద్‌లో ఆమె సామాను నా బండి మీద పెట్టించాను. బయట కంచె అవతల పిల్లాడు అమ్మమ్మ చెయ్యి వదిలి పరిగెత్తుకొచ్చాడు. ఈసారి వారం ఆగలేదు.

కార్తీకంలో

సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా తెల్లవారేసరికి ఇంటికి చేరాం. మా వారు కాఫీ కూడా తాగకుండా తోటకెళ్లారు. నాకు పది రోజులు పగలు నిద్ర, రాత్రి మెలకువ. అర్ధరాత్రి లేచి, ఇప్పుడు అక్కడ మధ్యాహ్నం, పాపకు ఉగ్గు పెట్టే వేళ అనుకునేదాన్ని.

పాప నిద్రపోయే వేళ, అక్కడ రాత్రి ఎనిమిదంటే మాకు పొద్దున్న ఆరున్నర. ఆ వేళకు వీడియోలో చూసేవాళ్లం. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. మాకు ఏడున్నర అయింది. పాలు పోసే అబ్బాయి వచ్చే వేళ, కోత కూలీలు వచ్చే వేళ అది. మా వారు కూలీలను అరగంట ఆలస్యంగా రమ్మన్నారు. ముప్ఫై ఏళ్లలో ఆయన తోట పని వేళ మార్చడం నేనెప్పుడూ చూడలేదు.

కార్తీకమాసం వనభోజనాలకు జీలకర్రగూడెం వెళ్లాం. గుంటుపల్లి గుహలు అక్కడి కొండ మీదే. క్రీస్తుకు పూర్వం రెండు మూడు వందల ఏళ్లనాడు తొలిచిన గుండ్రటి చైత్యం, లోపల స్తూపం. పైకప్పును కొయ్యవాసాల్లా రాతిలో చెక్కారు. భిక్షువులకు సంచారమే ధర్మం. వానాకాలం మాత్రం ఒక చోట నిలవొచ్చు. వానలు వెళ్లగానే లేచిపోవాలి, ఏ చోటూ తమది కాకూడదు. అలవాటు మనిషిని కట్టేస్తుందని ఆ మహానుభావులకు ముందే తెలుసు. ఆ చిన్న చిన్న గదుల్లో నిలబడి నేను ఆలోచించాను. నాకు ఆ జ్ఞానం అక్కర్లేదనిపించింది. నన్ను కట్టేసే పాప ఉండాలి, గోడవార చెప్పులు ఉండాలి. వచ్చేటప్పుడు బాధా ఉండాలి.

బల్ల దగ్గర ఇచ్చుకున్న మాటను మేము నిలబెట్టుకున్నాం. కొయ్యలగూడెం దంపతులు ద్వారకా తిరుమల దర్శనానికి వచ్చి మా ఇంట్లో భోంచేసి వెళ్లారు. సంక్రాంతి వెళ్లాక మేము తాడేపల్లిగూడెం టీచరుగారింటికి వెళ్లాం. ఆవిడ హాలు నిండా పెట్టెలు. కోడలికి రెండో కాన్పు, ఆ చలిలోనే మళ్లీ ప్రయాణం. కాటా కొక్కేనికి పెట్టె తగిలించి చూసి, "మీకు రెండు కిలోలు ఇవ్వగలనండీ" అన్నారు. కందిపొడి, సున్నుండలు అక్కడే తూచి ఇచ్చేశాను. పాపకు వెండి పట్టీలు కూడా పంపాలి. ఎనిమిదో నెల నిండింది, కాలు ఎంత పెరిగిందో నాకు తెలియదు. దారం చుట్టి కొలిచి పంపమని అమ్మాయికి చెబితే, "వాళ్ల నానమ్మ చేతే కొలిపిస్తా, నా దగ్గర కాలు ఆగనివ్వదు" అంది. శుక్రవారంలోగా కావాలని గట్టిగా చెప్పాను. ఏలూరులో పట్టీలు చేసే ఆయన ఆదివారం కొట్టు తియ్యడు, టీచరుగారి విమానం మంగళవారం.